రిస్ట్ స్ట్రాప్ కొన్నాక ఎర్త్ గుంత తవ్వించవలసి వచ్చింది: ఇంట్లో కంప్యూటర్ బిగించుకున్న నా అనుభవం

2025 ఫిబ్రవరి చివరి వారంలో మొదలుపెట్టిన పని ఏప్రిల్ 5న పూర్తయింది. కంప్యూటర్ భాగాలను విడివిడిగా తెప్పించుకుని అనంతపురంలోని మా ఇంట్లోనే నేను స్వయంగా బిగించుకున్నాను. బిగించడానికి పట్టింది ఒక్క పూట. మిగిలిన కాలమంతా కొంత భాగాల కోసం ఎదురుచూడటంలోనూ, అంతకన్నా ఎక్కువగా స్టాటిక్ కరెంటు (రాపిడికి ఒంటి మీదా వస్తువుల మీదా చేరే ఛార్జి) వాటిని పాడుచేయకుండా ఏర్పాట్లు చేసుకోవడంలోనూ గడిచింది. నేను ఇంట్లో డీటీపీ పని చేస్తాను. కాలేజీల ప్రశ్నపత్రాలు, పెళ్లిపత్రికలు, కరపత్రాలు నా బతుకుతెరువు. పాత కంప్యూటర్ పేజీ తెరవడానికే ఆపసోపాలు పడుతుండటంతో కొత్తది తప్పలేదు. పూర్తిగా బిగించినదాన్ని కొనుక్కోకుండా ఈ తంటా ఎందుకని ఇంట్లో అందరూ అడిగారు. అదే ధరకు దుకాణంలో చూపించినదాంట్లో ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును కంప్యూటర్ భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా) ఏ కంపెనీదో కూడా బిల్లులో రాయరని చెప్పాను, అంతటితో ఆ చర్చ ముగిసింది.

స్టాటిక్ సంగతి నేను ఇంత పట్టించుకోవడానికి కారణం మా ఊరి గాలి. శివరాత్రి దాటిందంటే మధ్యాహ్నం పూట మా ఇంట్లో ఇనుప బీరువా పిడి పట్టుకుంటే వేలికొసన చురుక్కుమంటుంది. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గొళ్లెం ముట్టుకున్నా అంతే. ఆరేసిన పాలిస్టర్ చీర మడత పెడుతుంటే చిటపటమంటూ చేతికి అంటుకుంటుంది. ఏటా జరిగేదే కాబట్టి ఎవరమూ దాన్ని లెక్కచేయం. అయితే భాగాల గురించి చదువుతున్నప్పుడు ఒక లెక్క కంటబడింది. మనకు చురుక్కుమని తెలియాలంటే ఒంటి మీద సుమారు 3,000 వోల్టులు చేరి ఉండాలి, కొన్ని సున్నితమైన చిప్‌లు దెబ్బతినడానికి 100 వోల్టులు కూడా అక్కరలేదు. అంటే మనకు ఏమీ తెలియకుండానే, నిప్పురవ్వ కనబడకుండానే, చేతిలోని వస్తువు పాడైపోవచ్చు. బీరువా దగ్గర రోజూ చురుక్కుమంటున్న చేతితో కంప్యూటర్‌కు మెదడులాంటి, పదకొండు వేల రూపాయల ప్రాసెసర్ చిప్‌ను పట్టుకోవడమంటే నాకు భయం వేసింది.

మార్చి 3న ఆన్‌లైన్‌లో ఒక రిస్ట్ స్ట్రాప్ (ఒంటి మీది ఛార్జిని తీగ ద్వారా బయటికి పంపే మణికట్టు పట్టీ), భాగాలు పెట్టుకోవడానికి ఛార్జి నిలవనివ్వని ఒక యాంటీస్టాటిక్ మ్యాట్, చిన్న తేమ కొలిచే మీటరు, వోల్టులూ నిరోధమూ కొలిచే ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు ఆర్డరు పెట్టాను. స్ట్రాప్ 249, మ్యాట్ 1,100, తేమ మీటరు 300, మల్టీమీటరు 450 రూపాయలయ్యాయి. తీగ లేని రిస్ట్ స్ట్రాప్‌లు కూడా అమ్మకానికి ఉన్నాయి, చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి కానీ వాటి జోలికి పోలేదు. ఒంటి మీది ఛార్జి బయటికి పోవడానికి దారే లేనప్పుడు ఆ పట్టీ చేతికి అలంకారమే తప్ప ఇంకేమీ కాదు. నాలుగు వస్తువులూ మార్చి 8న వచ్చాయి.

తేమ మీటరు ముందుగా పనికొచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలకు గదిలో 22 శాతం చూపించింది, తెల్లవారుజామున 51. అదే గది, అదే గాలి, పగటికీ ఉదయానికీ ఇంత తేడా ఉంటుందని నేను ఊహించలేదు. పొడి గాలిలో తివాచీ మీద నడిస్తే మనిషి ఒంటి మీద 35,000 వోల్టుల దాకా చేరవచ్చని, గాలిలో తేమ బాగా ఉంటే అదే నడకకు 1,500 వోల్టులకు మించదని స్టాటిక్ గురించి రాసేవాళ్లు తరచుగా చెప్పే లెక్క. మా ఇంట్లో తివాచీలు లేవు, నేలంతా తాడిపత్రి నాపబండలే. అయినా ఆ మీటరు చూశాక ఈ పని మధ్యాహ్నం చేయకూడదని, తెల్లవారుజామునే ముగించాలని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

రెండో ఆశ్చర్యం మ్యాట్ దగ్గర. మల్టీమీటరు తీగలు రెండింటినీ మ్యాట్ నీలం వైపు ఆనిస్తే మీటరు ఏమీ చూపలేదు. నకిలీ సరుకు అంటగట్టారని వాపసు పంపడానికి పెట్టె కూడా కట్టేశాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మరిదికి ఫోన్ చేస్తే అతను నవ్వి, "వదినా, అది తీగలాగా కరెంటును పారనివ్వదు, మెల్లగా జారనిస్తుంది. పై పొర నిరోధం కోట్ల ఓమ్‌లలో ఉంటుంది, నీ మీటరుకు అంత చూపే శక్తి లేదు. తిప్పి కింది నల్ల పొర మీద పెట్టి చూడు" అన్నాడు. నల్ల పొర మీద పెడితే అంకె కనబడింది. స్ట్రాప్‌ను మాత్రం మామూలు మీటరుతోనే పరీక్షించవచ్చు. పట్టీ లోపలి లోహపు బిళ్లకూ చివరనున్న క్లిప్పుకూ మధ్య సుమారు ఒక మెగాఓమ్ చూపాలి. నాది 1.02 చూపింది. ఆ రెసిస్టర్ మనిషి ప్రాణం కోసం పెట్టినది. ఎక్కడైనా పొరపాటున 230 వోల్టులు తగిలినా దాని గుండా ప్రవహించేది పావు మిల్లీయాంపియర్‌కు లోపే. సున్నా చూపిస్తే ఆ స్ట్రాప్ కట్టుకోకూడదు. ఏమీ చూపకపోతే కట్టుకుని ప్రయోజనం లేదు.

పట్టీ కట్టుకుని, మీటరు తీగ ఒకటి క్లిప్పుకు ఆనించి, రెండోది చేత్తో పట్టుకుని చూస్తే అంకె నిలకడగా లేదు. ఎండకు చర్మం పొడిబారి బిళ్ల సరిగా ఆనడం లేదు. మణికట్టు కొంచెం తడిచేసి, పట్టీ ఒక రంధ్రం బిగించాక కుదురుకుంది. గాజులు కూడా అడ్డమే. మట్టిగాజులు పట్టీని పైకి తోసేస్తున్నాయి, కుడిచేతి బంగారు గాజులు మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే పలక) మీద గీసుకుంటాయేమోనని భయం. రెండు చేతులవీ తీసేసి కట్టి చూస్తుంటే అత్తమ్మ చూసి, "చేతులు బోసిగా పెట్టుకుంటారా యాడన్నా" అని గట్టిగానే అన్నారు. దీనికి పరిష్కారం కూడా ఆమెదే. పని రోజు కుడిచేతికి పసుపు దారం కట్టారు. నూలు దారం కాబట్టి నాకూ అభ్యంతరం లేకపోయింది.

ఇక ఎర్త్ సంగతి, అంటే ఇంటి వైరింగును నేలలోకి కలిపే తీగ సంగతి. నెల రోజుల పనిలో నాకు మనశ్శాంతి లేకుండా చేసింది ఇదే.

క్లిప్పును క్యాబినెట్‌కు (భాగాలన్నీ ఉండే లోహపు పెట్టెకు) తగిలించాలి, ఎస్‌ఎంపీఎస్ వైరు ద్వారా క్యాబినెట్ ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంటుంది, గోడ మీది స్విచ్చి ఆపేస్తే ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) మాత్రమే తెగుతుంది, ఎర్త్ అలాగే ఉంటుంది. ఇది నేను చదువుకున్న పద్ధతి. త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతావాటికన్నా పొడవుగా, లావుగా ఉండేది కూడా అందుకే, అన్నిటికన్నా ముందు తగిలి అన్నిటికన్నా చివర విడిపోవాలి. సరే, ఆ లావు రంధ్రం వెనుక నిజంగా ఎర్త్ ఉందా అని మార్చి 9న మల్టీమీటరుతో చూశాను. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగి వెళ్లే తీగకూ) మధ్య 231 వోల్టులు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. 96 వచ్చింది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. 134 చూపింది. మీటరు మీద అనుమానంతో ఎదురింటివాళ్ల సాకెట్లో చూస్తే అక్కడ అంతా సరిగా ఉంది.

దీని అర్థం మా ఇంటి ఎర్త్ తీగ ఎక్కడో తెగిపోయి గాలిలో వేలాడుతోందని. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పాత కంప్యూటర్ ఇవన్నీ ఆ తీగలోకి కొద్దికొద్దిగా వదిలే కరెంటు నేలలోకి పోయే దారి లేక అందులోనే నిలబడి ఉంది. తడిగుడ్డతో ఇల్లు తుడుస్తూ వట్టి కాళ్లతో ఫ్రిజ్ తలుపు తెరిస్తే చెయ్యి జివ్వుమనడం మా ఇంట్లో కొన్నేళ్లుగా ఉన్నదే. దాన్ని కూడా మేము బీరువా చురుకుతో కలిపి స్టాటిక్ అనే అనుకుంటూ వచ్చాము. రెండూ ఒకటి కావు. స్టాటిక్ ఒక్కసారి చురుక్కుమని పోతుంది, వెంటనే మళ్లీ ముట్టుకుంటే ఏమీ ఉండదు, పొడి గాలిలోనే వస్తుంది. లీకేజీ, అంటే పరికరాలు వదిలే ఆ కరెంటు, ముట్టుకున్నంతసేపూ జివ్వుమంటూనే ఉంటుంది, కాళ్లు తడిగా ఉంటే ఎక్కువవుతుంది. మొదటిది చిప్‌కు ప్రమాదం, రెండోది మనిషికి. ఎర్త్ లేని సాకెట్‌కు పెడితే కంప్యూటర్ క్యాబినెట్ కూడా ఇలాగే జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల దాని లోహపు పెట్టె మీద సగం వోల్టేజీ దాకా నిలబడుతుంది. అటువంటి పెట్టెకు నా చేతి పట్టీ తగిలించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. స్టాటిక్ నుంచి భాగాలను కాపాడటానికే అయితే భూమిలోకి వెళ్లే ఎర్త్ తప్పనిసరి కాదు. చెయ్యి, మ్యాట్, క్యాబినెట్, బోర్డు అన్నీ ఒకదానికొకటి కలిసి ఒకే వోల్టేజీలో ఉంటే చాలు, వాటి మధ్య దూకడానికి ఏమీ ఉండదు. మరిది కూడా అదే చెప్పాడు. "ప్లగ్గు పూర్తిగా పీకేసి, స్ట్రాప్ క్యాబినెట్‌కు తగిలించుకుని కానిచ్చెయ్, నెలలు ఎందుకు?" అన్నాడు. ఎర్త్ నమ్మకం లేని ఇంట్లో ఉన్నవాళ్లు అలా చేయడమే మంచిది. కానీ బిగించాక దాన్ని నడపవలసింది అదే సాకెట్లో. ఇంట్లో పిల్లలున్నారు. మీటరు మీద 134 చూశాక ఊరుకోలేకపోయాను.

మార్చి 10న ఎలక్ట్రీషియన్‌కు చెబితే 19న వచ్చాడు. ఎండలు మొదలయ్యాయి, ఊరంతా కూలర్లు, ఏసీలు బిగించే పనే, ఎర్త్ గుంత అంటే ఎవరికీ తొందర లేదు. వచ్చినతను మంచి పనిమంతుడు. మెట్ల కింద మట్టి తీయించి చూస్తే పైపు తల తుప్పుపట్టి పొరలు పొరలుగా ఊడి వచ్చింది. దానికి చుట్టిన ఇనుప తీగ వేలితో లాగగానే తెగి చేతికొచ్చింది. బొగ్గూ ఉప్పూ వేసిన గుంత ఎండి రాయిలాగా ఉంది. "ఈ గుంతలో ఎప్పుడన్నా నీళ్లు పోసినారా అక్కా?" అని అడిగాడు. ఇల్లు కట్టినప్పటి నుంచి ఎవరూ పోయలేదు. అనంతపురం నేలలో ఏడాది పొడవునా తడి ఉండే ప్రశ్నే లేదు, మొత్తం ఏడాది వానే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. కొత్త జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు, బొగ్గు, ఉప్పు, తీగ, పైన నీళ్లు పోయడానికి గరాటా, మూత అన్నీ కలిపి 2,400, కూలి 1,500. రెండు బిందెల నీళ్లు పోసి మర్నాడు ఉదయం కొలిస్తే ఫేజ్-ఎర్త్ 229, న్యూట్రల్-ఎర్త్ 1.6. ఆ రోజు నుంచి ఫ్రిజ్ జివ్వుమనడం ఆగిపోయింది. అత్తమ్మకు కంప్యూటర్ విషయంలో నా మీద నమ్మకం కుదిరింది ఇక్కడే అనుకుంటాను.

అతను వెళ్లేముందు రెండు పనులు చేయించుకున్నాను. నేను వాడే సాకెట్ స్విచ్చి ఫేజ్‌ను ఆపుతోందా, న్యూట్రల్‌ను ఆపుతోందా అని టెస్టరుతో చూపించమన్నాను. పాత వైరింగులో అటూఇటూ అయ్యే అవకాశం ఉంది, స్విచ్చి ఆపినా ప్లగ్గులో ఫేజ్ మిగిలిపోతుంది. మాది సరిగానే ఉంది. రెండోది ఎక్స్‌టెన్షన్ బాక్సు. చూడటానికి మూడు రంధ్రాల సాకెట్లే, కానీ విప్పి చూస్తే లోపలికి వచ్చేది రెండు తీగల వైరు, ఎర్త్ రంధ్రం వెనుక ఏమీ లేదు. దాన్ని పక్కన పడేసి మూడు తీగల వైరున్న కొత్త బాక్సు తెప్పించాను.

ఈలోగా భాగాలు ఒక్కొక్కటీ వచ్చాయి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ మరిది బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొని, మార్చి 22న వచ్చేటప్పుడు తెచ్చాడు. ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ ఆన్‌లైన్‌లో నాలుగు రోజుల్లో వచ్చింది. ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని పట్టి ఉంచే భాగం) మాత్రం మా ఊళ్లోనే ఒక దుకాణంలో అడిగాను. పెట్టె లేని ర్యామ్‌ను బబుల్ కవర్లో చుట్టి ఉంచారు. కౌంటరు మీది కుర్రవాడు దాన్ని తీసి, బంగారు రంగు కాంటాక్టులను చొక్కా అంచుతో తుడిచి నా చేతిలో పెట్టబోయాడు. బబుల్ కవరు స్వయంగా ఛార్జి పుట్టించే వస్తువు. యాంటీస్టాటిక్ కవరు లేదా అని అడిగితే, "రోజుకు పది బిగిస్తామండీ, ఒక్కటీ పోలేదు" అన్నాడు. అది అబద్ధమని నేను అనను. ఈ కాలపు చిప్‌ల కాళ్ల దగ్గర స్టాటిక్‌ను కొంతవరకు తట్టుకునే రక్షణ లోపలే ఉంటుంది, వట్టి చేతులతో బిగించినవి వేలకొద్దీ నడుస్తూనే ఉన్నాయి. చిక్కల్లా, స్టాటిక్ దెబ్బ తిన్న భాగం అప్పటికప్పుడే చనిపోవాలని లేదు. లోపల సగం చెడి, కొన్నాళ్లు పనిచేసి, తర్వాత అప్పుడప్పుడు తప్పులు చేస్తూ ఉండవచ్చు. అప్పుడు ఎవరి చేతిలో చెడిందో తేల్చేదెవరు? నేను ఆ ర్యామ్ తీసుకోలేదు. సీలు పెట్టెలో ఉన్నది ఆన్‌లైన్‌లో 3,100కు తెప్పించుకున్నాను, దానికి ఇంకో వారం పట్టింది. మధ్యలో ఉగాది వచ్చింది.

వచ్చిన వాటి కవర్ల గురించి కూడా చెప్పాలి. బోర్డు వచ్చిన వెండిరంగు కవరు బయటి స్టాటిక్‌ను లోపలికి రానివ్వదు. గులాబీ రంగు పల్చటి కవరు తాను ఛార్జి పుట్టించదు అంతే, బయటినుంచి వచ్చేదాన్ని ఆపదు. రెండింటినీ దాచిపెట్టాను. వెండిరంగు కవరు మీద బోర్డును పెట్టి కరెంటు ఇచ్చి పరీక్షించడం చాలామంది చేస్తారట. ఆ కవరు పొరల్లో లోహం ఉంటుంది, అందుకు అట్టపెట్టే మేలు. క్యాబినెట్‌తో వచ్చిన థర్మాకోల్ దిమ్మలను పెట్టెలోంచి లాగుతుంటే తెల్లటి గుళికలు మోచేతి దాకా అంటుకున్నాయి, దులిపితే ఈ చేతి నుంచి ఆ చేతికి ఎగిరి అతుక్కున్నాయి తప్ప రాలలేదు. ఒంటి మీద ఛార్జి కంటికి కనబడింది నాకు అప్పుడే. దాన్ని మించినది క్యాబినెట్ పక్క అద్దం మీది ప్లాస్టిక్ పొర. ఒక మూల పట్టుకుని లాగగానే చిటచిటమంటూ ఊడింది, ముంజేతి మీది వెంట్రుకలన్నీ అద్దం వైపు నిక్కబొడుచుకున్నాయి. అద్దాలు బిగించే ముందు అందంగా ఉండాలని ఈ పొరను బోర్డు పక్కనే పెట్టుకుని తీసేవాళ్లుంటారు. భాగాలేవీ గదిలో లేనప్పుడు, ముందురోజే ఆ పని ముగించాను. కవర్లు, టేపులు, థర్మాకోల్ అన్నీ మేడ మీదికి చేరాయి.

ఏప్రిల్ 5 శనివారం తెల్లవారుజామున లేచి తలకు నూనె రాసుకుని గట్టిగా జడ వేసుకున్నాను. పాత నూలు చుడీదార్, చున్నీ లేదు. పాలిస్టర్ ఏదీ ఒంటి మీద లేకుండా చూసుకున్నాను. మంగళసూత్రం వంగినప్పుడల్లా బోర్డు మీద వేలాడకుండా లోపలికి వేసుకున్నాను. గది తడిగుడ్డతో తుడిచి, చెప్పులు బయట వదిలి వట్టి కాళ్లతో నిలబడ్డాను. రబ్బరు చెప్పులు వేసుకుంటే ఒంటి మీది ఛార్జి నేలకు పోయే దారి మూసుకుపోతుంది. పక్క గది కిటికీలో కూలర్ నీళ్లతో నడుస్తోంది, తుంపర ఇటు రాకుండా తలుపు ఓరగా వేశాను. తేమ మీటరు 58 చూపింది. పిల్లలను గుమ్మం దాటి రావద్దన్నాను, నన్నెవరూ ముట్టుకోవద్దన్నాను. అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసి, "కొత్త రకం మడి కట్టుకున్నావే!" అన్నారు. నిజానికి నాకు కూడా అంతకన్నా సరైన పోలిక తట్టలేదు.

పాత టేకు బల్ల మీద మ్యాట్ పరిచి దాని తీగను క్యాబినెట్‌కు తగిలించాలి. ఇక్కడ ఒక చిన్న చిక్కు. క్యాబినెట్ అంచుకు మొసలినోటి క్లిప్పు పెట్టి మీటరుతో చూస్తే కలవలేదు. నల్లరంగు పూత కరెంటును పారనివ్వదు. వెనుక ఎస్‌ఎంపీఎస్‌ను పట్టి ఉంచే మరలు పూతను కోసుకుంటూ లోపలికి దిగుతాయి, వాటి తల మీద రంగు లేదు. ఒక మరను రెండు చుట్లు వదులు చేసి, క్లిప్పు దంతాలు దాని మెడకు పట్టేలా తగిలించాను. ప్లగ్గు ఎర్త్ పిన్నుకూ ఆ మరకూ మధ్య మీటరు సున్నా పాయింట్ మూడు ఓమ్‌లు చూపింది. అప్పుడు ప్లగ్గు సాకెట్లో పెట్టాను. గోడ స్విచ్చి ఆపే ఉంది, ఎస్‌ఎంపీఎస్ వెనుక స్విచ్చి ఆపే ఉంది. గోడ స్విచ్చి మీద పిల్లలు వేయకుండా టేపు అంటించాను. స్ట్రాప్ ఎడమచేతికి, దాని తీగ మ్యాట్ బొత్తానికి. కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ తీసేసి చెక్క స్టూలు వేసుకున్నాను. కుర్చీలోంచి లేచినప్పుడే ఒంటి మీద ఎక్కువ ఛార్జి చేరేది.

బిగింపు గురించి ఎక్కువ చెప్పను, దానికి వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. బోర్డును కవరుతో సహా మ్యాట్ మీద పెట్టి, కొద్దిసేపు ఆగి, అంచులు పట్టుకుని బయటికి తీశాను. నా ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ. ఈ రకంలో సన్నటి పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి, వాటిని ముట్టుకోకుండా పక్క అంచులతో పట్టుకోవాలి. మూలనున్న బంగారు త్రికోణం సాకెట్ గుర్తుకు సరిపెట్టి వదలగానే తన బరువుకు తానే దిగింది. ఆ క్షణంలో ఊపిరి బిగబట్టానని, మీటను కిందికి నొక్కాక గానీ వదలలేదని మావారు తర్వాత చెప్పారు. ఎస్‌ఎస్‌డీ మర మినపగింజంత ఉంది, జారి బల్ల కింద పడింది. వంగి తీయబోతే స్ట్రాప్ తీగ చాలక చెయ్యి వెనక్కి లాగింది, మావారు తీసి బల్ల మీద పెట్టారు, నా చేతికి ఇవ్వలేదు. బయటినుంచి వచ్చే ప్రతి వస్తువూ ముందు మ్యాట్ మీద దిగాలి, తర్వాతే నేను తీసుకోవాలి. ఈ ఒక్క నియమాన్ని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచడం మంచిదయింది. తీగ అడ్డుపడటం మాత్రం చికాకే. ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాన్ బిగించేటప్పుడు అది ప్రతిసారీ స్క్రూడ్రైవరుకు చుట్టుకుంది. విప్పేద్దామనిపించినా విప్పలేదు.

ఎనిమిదిన్నరకు బోర్డు క్యాబినెట్‌లోకి ఎక్కింది. తొమ్మిదింటికి ఎండ ముదిరి తేమ 41కి దిగింది, అప్పటికి విడిగా ఉన్న భాగం ఏదీ మిగల్లేదు. తీగలన్నీ కలిపాక స్ట్రాప్ విప్పి, మ్యాట్ క్లిప్పు తీసి, మర బిగించి, ఆ తర్వాతే గోడ స్విచ్చి వేశాను. స్ట్రాప్ కట్టుకుని ఉండగా కరెంటు వేయకూడదు. మొదటిసారి తెర నల్లగానే ఉండిపోయింది. గుండె జారింది. ఇంత చేసినా ఏదో పోయిందనే అనుకున్నాను. సుమారు ముప్పై సెకన్లు గడిచాక కంపెనీ బొమ్మ వచ్చింది. కొత్త ర్యామ్‌ను బోర్డు మొదటిసారి సరిచూసుకోవడానికి కొంత సమయం తీసుకుంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ అర నిమిషం అంత పొడవుగా అనిపించేది కాదు. క్యాబినెట్ మరకూ సాకెట్ న్యూట్రల్‌కూ మధ్య కొలిచాను, రెండు వోల్టులకు లోపే. ఆ రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ నడిపించి పడుకున్నాను. పొద్దున చూస్తే తప్పులు సున్నా.

స్టాటిక్ ఏర్పాట్లకు, ఎర్త్ గుంతకు కలిపి ఆరు వేలు అయింది, అందులో ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆ నాలుగు వస్తువుల వాటా 2,099. కంప్యూటర్ భాగాలు మానిటర్ కాకుండా 38 వేల చిల్లర. అన్ని బిల్లులూ, వెండిరంగు కవర్లూ ఒకే పెట్టెలో ఉన్నాయి, ఏ భాగమైనా వారంటీకి పంపవలసి వస్తే మళ్లీ ఆ కవరులోనే పంపాలి.

ఎర్త్ గుంతలో వారానికి ఒకసారి బిందెడు నీళ్లు పోసే పని మావారిది. మే నెల మొదట్లో ఊరెళ్లి రెండు వారాలు పోయలేదు. వచ్చాక కొలిస్తే న్యూట్రల్-ఎర్త్ 1.6 నుంచి 4.2కు పెరిగి ఉంది. నీళ్లు పోసిన మర్నాటికి మళ్లీ 2 లోపలికి దిగింది.